జలాంతర్గామి రియాక్టరు ఊరికి దీపము పెట్టగలదా?

తెలుగునాట అణువిద్యుత్కేంద్రము ఒక్కటియు లేదు. దానికి కావలసిన సామగ్రికి మాత్రము కొదవ లేదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియము గని ఉన్నది. హైదరాబాదులో 1971లో స్థాపించబడిన అణు ఇంధన సముదాయము దేశములోని రియాక్టర్లకు ఇంధనము తయారుచేసి పంపుచున్నది. గోదావరి తీరమున మణుగూరులో భారజలపు కర్మాగారము కలదు. ఇన్ని ఉండియు, యురేనియము కేంద్రకము పగిలి, ఆ వేడికి నీరు ఆవిరియై, ఆ ఆవిరి చక్రమును త్రిప్పుట అనునది తెలుగు నేలపై జరుగలేదు. తెలుగు నీటిపై జరిగినది.

2013 ఆగస్టు 10వ తేదీన విశాఖపట్టణములో అరిహంత్ అను జలాంతర్గామిలోని రియాక్టరు క్రాంతిక స్థితికి వచ్చినది. అనగా దానిలోని గొలుసుచర్య తనంతట తాను నిలిచి సాగుట మొదలైనది. ఆ రియాక్టరు సామర్థ్యము 83 మెగావాట్లని పత్రికలలో వెల్లడియైనది. దానిని ఉష్ణశక్తిగా తీసుకొని, అందులో మూడవవంతునకు కొంచెము తక్కువ విద్యుత్తుగా మారునని లెక్కించినచో 25 మెగావాట్లు వచ్చును. ఇంటికి ఒక కిలోవాటు చొప్పున పాతికవేల ఇండ్లకు అది చాలును. కాని ఆ యంత్రము వలన విశాఖలో ఒక్క వీధిదీపమైనను వెలుగలేదు. అది ఓడను నడపుటకే పుట్టినది.

ఓడలో ఇముడునంత చిన్న రియాక్టరును మన ఇంజనీర్లు కట్టగలిగినప్పుడు, అటువంటిది ఒకటి గట్టున పెట్టి ఊరికి గాని, ఉక్కు కర్మాగారమునకు గాని విద్యుత్తు ఇవ్వరాదా? ఈ ప్రశ్న నిన్న మొన్నటిది కాదు. దీనికి డెబ్బది ఏండ్ల చరిత్ర ఉన్నది.

ప్రపంచములో విద్యుత్తును ఊరి తీగలకు అందించిన మొదటి అణుకేంద్రము సోవియట్ దేశములోని ఒబ్నిన్‌స్క్‌లో 1954 జూన్‌లో పనిచేయ మొదలిడినది. దాని సామర్థ్యము 5 మెగావాట్లు మాత్రమే. అణువిద్యుత్తు పుట్టుటయే చిన్న రియాక్టరుగా పుట్టినదన్నమాట. ఆ మరుసటి సంవత్సరము ఆగస్టులో జినీవాలో అణుశక్తి శాంతియుత వినియోగములపై ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగినది. దానికి అధ్యక్షుడు మన హోమీ భాభా. సూర్యునిలో జరుగు కేంద్రక సంలీనమును సైతము రెండు దశాబ్దములలో మానవుడు అదుపులోనికి తెచ్చునని ఆయన ఆ సభలో ఆశపడినాడు. ఆ ఆశ నేటికిని నెరవేరలేదు. ఆ రోజులు అట్టివి. 1955లోనే అమెరికాలో ఇంటి దుమ్మును పీల్చు యంత్రములు తయారుచేయు ఒక వ్యాపారి, పదేండ్లలో అణుశక్తితో నడచు చీపురు యంత్రములు రాగలవని చెప్పినాడు. 1958లో ఫోర్డు సంస్థ వెనుక భాగమున చిన్న రియాక్టరు గల న్యూక్లియాన్ అను కారు నమూనాను చూపినది. అది బొమ్మగానే మిగిలినది.

విశాఖపట్టణము అప్పుడు ఎట్లుండెను? 1933లో తెరువబడిన రేవు, 1948లో జల ఉష అను నౌకను నీట దింపిన ఓడల కర్మాగారము, 1957లో వచ్చిన కాల్‌టెక్స్ చమురుశుద్ధి కర్మాగారము ఆనాటి పెద్ద పరిశ్రమలు. ఆ ప్రాంతమునకు విద్యుత్తును తెచ్చినది అణువు కాదు, కొండవాగు. ఆంధ్ర, ఒరిస్సా ప్రభుత్వములు కలిసి కట్టిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో పనిచేయ మొదలిడి, ఆరు యంత్రములతో సుమారు 115 మెగావాట్లకు పెరిగినది. అణుశాస్త్రము మాత్రము అప్పటికే ఊరిలో అడుగుపెట్టినది. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టి, సన్న్యసించి, పిదప యూరపు వెళ్ళి ప్రేగ్, లివర్‌పూల్ నగరములలో భౌతికశాస్త్రము అభ్యసించిన స్వామి జ్ఞానానంద 1950 దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసినారు. కాషాయము కట్టిన ఆచార్యుడు బీటాకిరణములను కొలుచు పరికరములను అమర్చుట ఆనాటి విద్యార్థులకు వింతగానే తోచియుండును. ఆయన పేరుతో ఆ ప్రయోగశాలలు నేటికిని ఉన్నవి.

ఆనాటి ఆశలకు ఆధారము లేకపోలేదు. ఒక గ్రాము యురేనియము-235 పూర్తిగా విచ్ఛిత్తి చెందినచో సుమారు మూడు టన్నుల మేలురకపు బొగ్గు మండినంత వేడి పుట్టును. 83 మెగావాట్ల రియాక్టరు నిండుగా ఒక దినము పనిచేసినను దానిలో విచ్ఛిత్తి చెందునది 90 గ్రాములకు మించదు. గుప్పెడు కూడ కాదు. విశాఖకు సమీపమున పరవాడ వద్దనున్న సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రము 2,000 మెగావాట్లది. అది నిండుగా నడచిన రోజున 30 వేల టన్నులకు పైగా బొగ్గు కావలెను. ఆ బొగ్గు ఒడిశా గనుల నుండి రైలుపెట్టెలలో రావలెను. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన వానికి ఇంటికొక అణుపొయ్యి ఏల ఉండరాదని తోచుట సహజము.

కాని ఇంధనము చిన్నదైనంతమాత్రమున పొయ్యి చిన్నది కాజాలదు. దీనికి మొదటి కారణము న్యూట్రానులు కారిపోవుట. గొలుసుచర్య సాగవలెనన్న ఒక విచ్ఛిత్తిలో వెలువడిన రెండు మూడు న్యూట్రానులలో ఒకటియైనను మరియొక కేంద్రకమును పగులగొట్టవలెను. ఇంధనపు ముద్ద చిన్నదైన కొలది న్యూట్రానులు పని చేయకుండానే బయటపడిపోవును. చిన్న గిన్నెలోని అన్నము త్వరగా చల్లారును. పెండ్లివంటల గుండిగలోని అన్నము చాలసేపు వేడిగా ఉండును. కారణము ఒక్కటే. గోళము యొక్క వ్యాసము సగమైనచో లోపలి ఘనపరిమాణము ఎనిమిదవవంతగును, పైతలము నాలుగవవంతే అగును. అనగా లోపలి సరకుతో పోల్చినప్పుడు కారిపోవుటకు త్రోవ రెండింతలు. ఈ నష్టమును పూడ్చుటకు చిన్న రియాక్టరులో యురేనియము-235 పాలు హెచ్చుగా ఉన్న ఇంధనమును వాడవలెను. గనిలో దొరకు యురేనియములో ఈ పాలు నూటికి 0.7 మాత్రమే. అమెరికా జలాంతర్గాములలో వాడునది నూటికి 90కి పైబడినది. ఇరువది శాతము దాటినదానిని అంతర్జాతీయ సంస్థలు ఆయుధమునకు పనికివచ్చు సరకుగా లెక్కించి కాపలా కోరును. అట్టి దానిని ఊరూరికి పంచుట ఎవరును అంగీకరింపరు.

రెండవ కారణము గోడ. రియాక్టరు నుండి వెలువడు గామాకిరణములను పదవవంతునకు తగ్గించుటకు సుమారు ఒక అడుగు మందము గల కాంక్రీటు కావలెను. వెయ్యి మెగావాట్ల రియాక్టరును ఒక మెగావాటునకు తగ్గించితిమనుకొందము. శక్తి వెయ్యవవంతు అయినది, అనగా మూడు మారులు పదవవంతు అయినది. గోడలో తగ్గునది మూడడుగులే! తక్కిన మందమంతయు అట్లే ఉండవలెను. కారు వెనుక రియాక్టరు ఎక్కించలేకపోవుటకు ఇంతకు మించిన కారణము అక్కరలేదు.

మూడవది ధర. యంత్రసామగ్రి విషయమున ఇంజనీర్లు వాడు మోటులెక్క ఒకటి కలదు: సామర్థ్యము పదింతలు చేసినచో ఖర్చు నాలుగింతలు మాత్రమే పెరుగును. దీనిని తలక్రిందులు చేసి చూచినచో చిన్న రియాక్టరు కష్టము తెలియును. పదవవంతు విద్యుత్తు నిచ్చు కేంద్రమునకు నాలుగవవంతు ఖర్చగును. నిపుణులైన నడుపరులు, కాపలావారు, తనిఖీలు చిన్నదానికి కొంచెమైనను తక్కువ కారు. 1960 తరువాత ప్రపంచమంతట రియాక్టర్లు 5 నుండి 200కు, 200 నుండి 1,000 మెగావాట్లకు పెరుగుటకు ఇదియే హేతువు.

మరి జలాంతర్గామిలో ఇవన్నియు ఎట్లు కుదిరినవి? ధర అడుగువారు లేనందున కుదిరినవి. విశాఖ రామకృష్ణా బీచి వద్ద ఇసుకపై నిలిపిన కురుసుర జలాంతర్గామిని చూచిన విద్యార్థులకు ఈ సంగతి సులభముగా తెలియును. 1969లో నౌకాదళమున చేరి, 2001లో విరమించి, 2002లో ప్రదర్శనశాలగా మారిన ఈ ఓడ డీజిలుతో నడచినది. డీజిలు మండుటకు గాలి కావలెను. నీటి క్రింద గాలి లేదు. కాబట్టి మునిగియున్నంతసేపు బ్యాటరీలతోనే నడచి, అవి తరుగగానే గాలికొరకు పైకి రావలసియుండును. పైకి వచ్చుటయే దానికి ప్రమాదము. యురేనియము విచ్ఛిత్తికి ప్రాణవాయువుతో పని లేదు. ఈ ఒక్క గుణము కొరకు ఎంత ఖర్చైనను పెట్టుటకు నౌకాదళములు సిద్ధపడినవి. 1955 జనవరి 17న అమెరికా జలాంతర్గామి నాటిలస్ అణుశక్తితో బయలుదేరినది. మంచుసముద్రములో ఇంధనము దొరకని చోట్ల తిరుగుటకై సోవియట్ దేశము లెనిన్ అను మంచుకోత ఓడను 1959లో సిద్ధము చేసినది.

ఈ విద్య విశాఖకు అరువుగా వచ్చినది. సోవియట్ దేశము మూడేండ్లకు అద్దెకిచ్చిన అణుజలాంతర్గామి చక్ర అను పేరుతో 1988 ఫిబ్రవరిలో విశాఖపట్టణము చేరి, 1991 జనవరిలో తిరిగి వెళ్ళినది. మన నావికులు రియాక్టరు ప్రక్కన బ్రతుకుట నేర్చినది దానిలోనే. సొంత రియాక్టరును భాభా అణుపరిశోధన కేంద్రము వారు మొదట ఓడలో పెట్టలేదు. తమిళనాడులోని కల్పాక్కములో గట్టుమీదనే జలాంతర్గామి పొట్టవంటి గూటిలో కట్టినారు. అది 2003 నవంబరులో క్రాంతిక స్థితికి వచ్చినది, 2006 నుండి నిండు సామర్థ్యముతో నడచినది. లోకమునకు 2009 ఆగస్టులో గాని చూపలేదు. దానికి కొద్దిదినముల ముందు, 2009 జూలై 26న, విశాఖపట్టణపు నౌకానిర్మాణ కేంద్రములో ప్రధానమంత్రి మన్‌మోహన్ సింగ్ సమక్షమున ఆయన భార్య గురుశరణ్ కౌర్ ఓడ ఒంటిపై కొబ్బరికాయ కొట్టగా అరిహంత్ నీటిని తాకినది. నీట దిగిన ఓడలో రియాక్టరు వెలుగుటకు ఇంకను నాలుగేండ్లు పట్టినది. కల్పాక్కములో ఏండ్ల తరబడి నడచిన నమూనా ఉన్నప్పటికిని పైపుపైపును, అతుకతుకును పరీక్షించుటకు అంత కాలము పోయినదని గుర్తుంచుకొనదగును. రెండవ ఓడ అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలో నౌకాదళమున చేరినది.

జలాంతర్గామిలో కుదిరినదానిని ఒడ్డునకు తెచ్చుటకు ఇతర దేశములవారు ప్రయత్నించకపోలేదు. అమెరికా సైన్యము 1954 మొదలు 1977 వరకు దూరపు స్థావరములకై ఎనిమిది చిన్న రియాక్టర్లు కట్టినది. గ్రీన్లాండు మంచుక్రింద ఒకటి, అంటార్కిటికాలోని మెక్‌మర్డోలో ఒకటి, పనామా కాలువలో స్టర్జిస్ అను తేలెడు పడవపై 10 మెగావాట్లది ఒకటి నిలిపినారు. మెక్‌మర్డోలోనిది 1962 నుండి పదేండ్లు నడచి, లోపములు బయటపడగా మూతపడినది. దానిని తీసివేయుటతో పని ముగియలేదు. కలుషితమైన మట్టిని, రాళ్ళను వేల టన్నుల కొలది త్రవ్వి ఓడలలో అమెరికాకు మోయవలసివచ్చినది. స్టర్జిస్ పని ముగించిన తరువాత దానిని పూర్తిగా విడదీయునప్పటికి నలువది ఏండ్లు గడచినవి.

ఈ వరుసలో 1961 జనవరి 3 రాత్రి ఇడాహో ఎడారిలో జరిగినది అన్నిటికంటె విషాదకరము. సైనిక స్థావరములకై రూపొందించిన 3 మెగావాట్ల ఉష్ణశక్తి గల చిన్న రియాక్టరు అది. సెలవుల కొరకు ఆపిన దానిని తిరిగి నడపుటకు ముగ్గురు యువకులు సిద్ధము చేయుచున్నారు. అదుపుకడ్డీని చేతితో కొన్ని అంగుళములు ఎత్తి యంత్రమునకు తగిలించవలెను. నడిమి కడ్డీ ఇరువది అంగుళముల దాక పైకి వచ్చినది. రెప్పపాటులో గొలుసుచర్య ఉప్పొంగి, నీరు ఆవిరియై ప్రేలి, ఆ ముగ్గురు ప్రాణములు కోల్పోయినారు. ఒక్క కడ్డీని తీసినంతనే అదుపు తప్పు అమరిక ఉండరాదని రియాక్టరు రూపకర్తలు దీనినుండి నేర్చినారు. చిన్నది కాబట్టి ఇద్దరు ముగ్గురితో నడచునను నమ్మకము కూడ అక్కడితో సడలినది.

వర్తకపు ఓడల కథ మరియొక విధముగా ముగిసినది. 1959లో నీట దిగిన అమెరికా ఓడ సవన్నాలోని రియాక్టరు 74 మెగావాట్ల ఉష్ణశక్తి గలది. ఇంచుమించు అరిహంత్ లోని దానితో సమానము. అందమైన ఓడ, సాంకేతికముగా బాగుగానే నడచినది. కాని సరకుకు చోటు తక్కువ, ఖర్చు ఎక్కువ. రియాక్టరు ఇంజనీర్లకు హెచ్చుజీతము ఇచ్చిరని పైఅంతస్తు అధికారులతో తగవు కూడ వచ్చినది. 1970 దశకారంభమున దానిని కట్టిపెట్టినారు. జపానువారి ముత్సు ఓడ కథ మన జాలరిపేటలవారు వినదగినది. 1974 సెప్టెంబరు 1న నిండు శక్తిలో నూటికి రెండువంతులైనను చేరకముందే రక్షణకవచపు సందులనుండి న్యూట్రానులు కారినవి. బోరాను కలిపిన అన్నపు ముద్దలతో ఆ సందులను మూయబోయినారని ప్రసిద్ధి. హాస్యమునకు చేసినది కాదు. అన్నములోని నీరు న్యూట్రానుల వేగమును తగ్గించును, బోరాను వానిని మ్రింగును. కారినది స్వల్పమే. అయినను తమ చేపలను, ఆల్చిప్పలను ఎవరు కొందురని సొంతరేవులోని జాలరులు దారికి అడ్డుపడగా, ఆ ఓడ సుమారు నెలన్నర నడిసముద్రముననే తిరుగాడినది.

భారతదేశమున చిన్న రియాక్టరు మరియొక కారణముచేత పాతుకొన్నది. ట్రాంబేలోని అప్సర 1956 ఆగస్టు 4న వెలిగిన పరిశోధనా రియాక్టరు. విద్యుత్తుకై కట్టిన తారాపూరు కేంద్రము 1969లో వచ్చినది. ఆనాటి మన విద్యుత్తీగల వలలు చిన్నవి. ఒకే యంత్రము మొత్తము వలలో పదవవంతు కంటె పెద్దదైనచో, అది ఆగిననాడు వల అంతయు కూలిపోవును. కాబట్టి పెద్ద దేశములు వెయ్యి మెగావాట్ల వైపు పరుగెత్తినను మనవారు 220 మెగావాట్ల భారజలపు రియాక్టరునే రావతభాట, కల్పాక్కము, నరోరా, కాక్రాపార్, కైగాలలో మరల మరల కట్టినారు. ఇందులో మామూలు యురేనియమునే వాడవచ్చును. భారజలము న్యూట్రానులను వృథాగా మ్రింగదు కావున 0.7 శాతమే చాలును. దానికి మారుగా పాత్ర పెద్దదగును. 306 అడ్డుగొట్టములలో ఇంధనము నింపవలెను. చిన్న విద్యుత్తు, పెద్ద పొయ్యి. ఓడలో పట్టదు, గట్టుమీద నిలుచును.

2011 మార్చిలో జపానులోని ఫుకుషిమాలో జరిగిన ప్రమాదము చిన్న రియాక్టరు వైపు లోకము దృష్టిని తిరిగి మరల్చినది. గొలుసుచర్య ఆపినను రియాక్టరు వేడి ఒక్కసారిగా చల్లారదు. విచ్ఛిత్తిలో పుట్టిన రేడియోధార్మిక పదార్థములు ఆపిన క్షణమున నిండుశక్తిలో ఆరేడు శాతము, ఒక రోజు తరువాత సుమారు అరశాతము వేడిని విడుచుచునే ఉండును. 3,000 మెగావాట్ల ఉష్ణశక్తి గల పెద్ద రియాక్టరులో అది మొదట 200 మెగావాట్లు. పంపులు నడువకున్న ఇంధనము కరగును. ఫుకుషిమాలో ఉప్పెన పంపులకు విద్యుత్తు లేకుండ చేసినది. 83 మెగావాట్ల రియాక్టరులో ఈ మిగులువేడి మొదటి క్షణమున అయిదారు మెగావాట్లే. తగిన అమరికతో వేడినీరు పైకి, చల్లనినీరు క్రిందికి తనంతట తిరుగుచు దానిని మోసికొనిపోగలదు. చిన్నదానికి నిజమైన మేలు ఇదియే. చౌకదనము కాదు, చల్లార్చుటలో సౌలభ్యము.

అందుచేత ఇటీవల కొన్ని కట్టబడినవి. రష్యాలోని ఉత్తరపు రేవు పెవెక్ వద్ద అకడమిక్ లొమొనోసొవ్ అను తేలెడు కేంద్రము 35 మెగావాట్ల రెండు రియాక్టర్లతో 2019 డిసెంబరు నుండి విద్యుత్తు నిచ్చుచున్నది. చీనావారు షిడావోవాన్‌లో వాయువుతో చల్లారు రియాక్టరు జంటను 2023 డిసెంబరులో వాడుకలోనికి తెచ్చినారు. అమెరికాలో న్యూస్కేల్ సంస్థ తలపెట్టిన ఆరు చిన్న రియాక్టర్ల కేంద్రమునకు మాత్రము విద్యుత్తు ధర అంచనా మెగావాటు-గంటకు 58 డాలర్ల నుండి 89కి పెరిగి, కొనువారు చాలక 2023 నవంబరులో పథకము రద్దయినది. ఫ్యాక్టరీలో వందల కొలది ఒకే అచ్చున పోతపోసినచో ధర తగ్గునని కర్తలందురు. మొదటి వంద కొనువారు దొరకనిదే ఆ మాట పరీక్షకు నిలువదు.

ఈ చరిత్ర వెలుగులో విశాఖను చూడవలెను. ఇక్కడ చిన్న రియాక్టరును కోరదగిన ఇల్లు ఒకటున్న, అది ఉక్కు కర్మాగారమే. 1966లో ప్రాణములు బలిపెట్టి సాధించిన కర్మాగారమది. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైనది. దానికి రేయింబవళ్ళు కొన్ని వందల మెగావాట్ల విద్యుత్తు ఎడతెగక కావలెను. తన సొంత విద్యుత్కేంద్రములో బొగ్గును, కొలుముల నుండి వచ్చు వాయువులను మండించి అందులో అధికభాగమును తానే పుట్టించుకొనుచున్నది. భారత అణువిద్యుత్ సంస్థ 2024 డిసెంబరులో పిలుపునిచ్చిన భారత్ స్మాల్ రియాక్టర్ పథకము ఇటువంటి కర్మాగారములను ఉద్దేశించినదే: పరిశ్రమ నేలను, నీటిని, పెట్టుబడిని ఇచ్చుట, సంస్థ 220 మెగావాట్ల భారజలపు రియాక్టరును కట్టి నడపుట. 2025 ఫిబ్రవరి బడ్జెటులో చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు కేటాయించి, 2033 నాటికి కనీసము అయిదింటిని నడపవలెనని కేంద్రప్రభుత్వము ప్రకటించినది. భాభా కేంద్రమువారు 200 మెగావాట్లది, 55 మెగావాట్లది, ఉదజని తయారీకై 5 మెగావాట్ల ఉష్ణశక్తి గలది రూపొందించుచున్నారు. 1962 చట్టము ప్రభుత్వ సంస్థలకే పరిమితము చేసిన ఈ రంగమును 2025 డిసెంబరులో పార్లమెంటు ప్రైవేటువారికి కూడ తెరచినది.

ఇచ్చట ఒక పొరపాటు అభిప్రాయమును సరిచేయుట అవసరము. రియాక్టరు వచ్చినచో ఉక్కునకు బొగ్గు అక్కరలేదని కొందరు తలంతురు. ఇనుము కరగుటకు 1,500 డిగ్రీలకు పైగా వేడి కావలెను; నీటితో చల్లారు రియాక్టరు ఇచ్చునది 300 డిగ్రీల లోపే. అంతేకాక కొలిమిలో కోకుబొగ్గు కేవలము వేడికొరకు కాదు, ముడిఇనుములోని ప్రాణవాయువును లాగివేయుటకు. అణువు ఆ పని చేయజాలదు. అది విద్యుత్తు దీపములను, మోటారులను, రోలింగు మిల్లులను మాత్రమే నడుపును. విదేశములనుండి రేవునకు వచ్చు కోకుబొగ్గు ఓడలు వచ్చుచునే ఉండవలెను.

ఇంటి దీపముల సంగతి మరియొకటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన పిదప నగరములో చాలభాగము రోజుల తరబడి చీకటిలో ఉన్నది. ఊరిలో ఒక చిన్న రియాక్టరు ఉండియున్నచో వెలుగు ఉండెడిదా? ఉండెడిది కాదు. కూలినవి స్తంభములు, తీగలు. విద్యుత్తు ఎచ్చట పుట్టినను ఇంటికి చేరవలసినది ఆ తీగల వెంబడియే. పైగా వెలుపలి విద్యుత్తు పోయినచో రియాక్టరును కూడ ముందుజాగ్రత్తగా ఆపవలసివచ్చును. ఇంటి కప్పుపై సూర్యఫలకము, దానిక్రింద బ్యాటరీ అట్టి దినములలో ఇంతకంటె నమ్మదగినవి.

పెద్ద రియాక్టర్ల త్రోవ కూడ ఇక్కడ సాఫీగా సాగలేదు. విశాఖకు ఉత్తరమున శ్రీకాకుళము జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కట్టుటకు నిర్ణయము జరిగినది. వానిని సరఫరా చేయవలసిన వెస్టింగ్‌హౌస్ సంస్థ 2017లో దివాలా తీసినది. గ్రామములవారికి ఈ సంవత్సరములన్నియు పొలము దున్నవలెనా, వల వేయవలెనా, పరిహారము తీసికొని పోవలెనా అను సందిగ్ధముతోనే గడచినవి. రియాక్టరు చిన్నదైనచో ఊళ్ళు ఖాళీ చేయు బాధ తగ్గునని చెప్పబడుచున్నది. అందులో నిజము లేకపోలేదు. కాని 2014 నాటి భద్రతా నియమావళి రియాక్టరు చుట్టు కనీసము ఒక కిలోమీటరు మేర నివాసములు లేని నేలను కోరినది. మెగావాట్లు తగ్గినంతగా ఈ వలయము కుదించుటకు పాలకులు, ప్రజలు ఒప్పుకొనవలెను. వాడిన ఇంధనమును ఏండ్ల తరబడి నీటితొట్టిలో ఉంచుటకు కూడ చోటు కావలెను.

కొలిచి చూచినచో, విశాఖ ఉక్కు కర్మాగారపు ప్రక్కన 220 మెగావాట్ల భారజలపు రియాక్టరు ఒకటి నిలుపుటకు యురేనియము తుమ్మలపల్లె నుండి, ఇంధనపు కట్టలు హైదరాబాదు నుండి, భారజలము మణుగూరు నుండి రాగలవు. చల్లార్చుటకు సముద్రము ఎదుటనే ఉన్నది. రియాక్టరు ప్రక్కన పనిచేసి విరమించిన నావికులు కూడ ఆ ఊరిలోనే కలరు. రేవులు, కర్మాగారములు, జాలరిపల్లెలు, కొండలు క్రిక్కిరిసిన ఆ తీరమున దొరకుట కష్టమైనది ఆ ఒక్క కిలోమీటరు ఖాళీనేల.